ఐదు గంటల నాడి

ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో నేను రాసిన నాడి అంకెల్లో చూసి రాసినవెన్ని, చూడకుండా రాసినవెన్ని అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అడిగినవాళ్ళు లేరనుకోకండి. పోలీసులూ అడిగారు, వకీళ్ళూ అడిగారు. అందుకే అందరిలా నేను రిటైరు కాలేదు, నన్ను రిటైరు చేశారు. సన్మానాలూ శాలువాలూ లేని రిటైర్మెంటు అది. ఈ మధ్య మా వీధిలో ఉండే ఒక నర్సింగు అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరింది, "మేడం, మీ రోజులే బాగుండె గద" అంది. బాగానే ఉండేవి. ఎంత బాగుండేవో చెప్పి, అందులోనే ఏం చెడిపోయిందో కూడా చెప్తాను. మీలాంటి చిన్నవాళ్ళు వినాల్సింది రెండోదే అయినా, మొదటిది చెప్పకుండా నాకు రెండోది చెప్పబుద్ధి కాదు.

గద్వాలలో చేరాను. వనపర్తిలో పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. నాగర్‌కర్నూల్‌లో తల నెరిసింది. మా కాలానికి ఈ మూడు ఊళ్ళూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఎక్కడికి బదిలీ చేసినా ట్రంకు పెట్టె బస్సు మీద వేసుకుని పూట లోపల చేరిపోయేవాళ్ళం. గద్వాల దవాఖానకు కర్ణాటక వైపు నుంచి కూడా రోగులు వచ్చేవాళ్ళు. "నోవు, నోవు" అంటే నొప్పి అని మొదటి వారంలోనే నేర్చుకున్నాను. అక్కడ నేతగాళ్ళ ఇళ్ళలో ప్రసవాలకు పోయినప్పుడు మగ్గం చప్పుడు ఆగితే బిడ్డ పుట్టినట్టు లెక్క.

నేను చెప్పబోయేది మాత్రం ఈ మూడు ఊళ్ళలోదీ కాదు. వీటి మధ్య ఒక మండలంలో ముప్పై పడకల దవాఖాన ఉండేది. పేరు చెప్పను. అక్కడ నేను హెడ్ నర్సును. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళు, నూట ఎనిమిది బండ్లు ఇంకా రాని రోజులు. మాకు ఒక డాక్టరు గారు, నలుగురు నర్సులు, శ్రీరంగాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక ఆయమ్మ. పల్లికాయ పీకే కాలం వచ్చిందంటే దవాఖానంతా పచ్చి పల్లి వాసన వేసేది. రోగి వెంట వచ్చినవాళ్ళు ఊరికే రారు కదా, కొంగులో రెండు దోసిళ్ళు కాయ కట్టుకొచ్చేవాళ్ళు. సూదులు ఉడకబెట్టే స్టెరిలైజరులో ఆయమ్మ ఆ కాయ ఉడకేసేది. తప్పే, ఒప్పుకుంటాను. కానీ అంత రుచైన పల్లికాయ నేను మళ్ళీ తినలేదు. మొదటి గుప్పెడు డాక్టరు గారికే పోయేది. ఆయన పొట్టు ఒలుచుకుంటూనే రోగుల్ని చూసేవాడు. చేయి మంచిది, మనిషీ చెడ్డవాడు కాదు. పై అధికారుల పేరు చెప్తే మాత్రం సగం చచ్చిపోయేవాడు.

ఆయనొక్కడే కాదు, మేమందరం అంతే. తనిఖీకి వచ్చిన పెద్దలు రోగి మొహం చూసేవాళ్ళు కాదు, మంచానికి తగిలించిన చార్టు చూసేవాళ్ళు. చార్టులో ఖాళీ గడి కనిపిస్తే మెమో. తప్పుడు అంకె కనిపిస్తే మెమో లేదు, ఎందుకంటే తప్పుడు అంకె కనిపించదు. ముప్పై మంది రోగులకు ఒక్క నర్సు. మధ్యలో ఒక కాన్పు వచ్చిందంటే మూడు గంటలు బయటికి రాలేం. అందుకని డ్యూటీ ఎక్కగానే తీరిక చూసుకుని, దిగే వేళ దాకా పడాల్సిన నాడి, బీపీ అన్నీ ఒకేసారి నింపేసేవాళ్ళం. దీనికి మా వార్డులో పేరు 'ముందుజాగ్రత్త'. ఆయమ్మ మమ్మల్ని చూసి నవ్వేది. "మంచాల మీద మూల్గుతుంటరు గని, మీ కాగితాలల్ల అందరు మంచిగనే ఉంటరు" అనేది. మేమూ నవ్వేవాళ్ళం.

ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. వరసగా ఒకే అంకె వేయకూడదు. డెబ్బై ఎనిమిది, తర్వాత ఎనభై రెండు, తర్వాత ఎనభై. సరిసంఖ్యలే వేయాలి, ఎందుకంటే అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తాం కాబట్టి నిజంగా చూసినా సరిసంఖ్యే వస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ ఇంజెక్షను ఎలా ఇవ్వాలో నేర్పినంత శ్రద్ధగా ఇదీ నేర్పాను.

అట్లా నేర్చుకున్నవాళ్ళలో చివరి పిల్ల కాంట్రాక్టు మీద వచ్చింది. అందరం 'చిన్న సిస్టర్' అనేవాళ్ళం. అచ్చంపేట పక్కన ఒక పల్లె. తల్లి కూలికి పోయి చదివించింది. ఆదివారం ప్రార్థనకు పోయి, అక్కడి నుంచే తెల్ల చీరలో నేరుగా డ్యూటీకి వచ్చేది. చిన్న పిల్లలకు సూది వేసేముందు సూదిని దాచుకుని ఏవేవో కబుర్లు చెప్పేది. పిల్లవాడు నవ్వేలోపు సూది పడిపోయేది. మొదటి నెలలో ఆ పిల్ల చార్టులో ఖాళీ గడులు చూసి నేనే కోప్పడ్డాను. "కాన్పు దగ్గర ఉంటి మేడం, చూడలే, అందుకే రాయలే" అంది. అట్లా అంటే నీ కాంట్రాక్టు రెన్యువల్ కాదమ్మా అని చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని ముందుజాగ్రత్త నేర్పాను. చేతనైన మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఒక మనిషిని ఎడ్లబండి మీద తెచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. బొంబాయిలో మట్టిపనికి పోయి, పల్లికాయ పీకుడుకని ఊరికి వచ్చినవాడు. చేనులో రక్తపెంజర పాము కాటేసింది. కాలు మోకాలి దాకా వాచింది. వెంట భార్య, అతని అన్నదమ్ములిద్దరు. డాక్టరు గారు పాముకాటు మందు ఎక్కించారు. ఆ రోజు పొద్దున డ్యూటీ నాది. గంట గంటకూ నాడి, బీపీ చూడాలని, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందేమో గమనించాలని ఆయన చార్టు మీద రాశారు. రెండు గంటల దాకా నేను నిజంగానే చూశాను. మనిషి తేరుకుంటున్నాడు. భార్యతో ఏదో మాట్లాడి నవ్వాడు కూడా. రెండింటికి చిన్న సిస్టరుకు అప్పగించి ఇంటికి పోయాను.

నాలుగింటికి ఒక కాన్పు కేసు వచ్చింది, బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరు గారు క్యాంపుకు పోయి ఉన్నారు. చిన్న సిస్టరు కాన్పు గదిలోకి పోయేముందు, నేను నేర్పినట్టే, పాముకాటు చార్టులో ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది గంటల గడులు నింపి లోపలికి పోయింది. మళ్ళీ బయటికి వచ్చేసరికి ఏడు దాటింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ సంగతి తర్వాత ఏ కోర్టులోనూ ఎవరూ ఎత్తలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈలోగా నాలుగున్నరకు ఆ మనిషిని అన్నదమ్ములు తీసుకుపోయారు. వాపు తగ్గలేదని వాళ్ళకు గుబులు. తెలకపల్లి దిక్కు ఒక పల్లెలో పసరు పోసే ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆ ముసలాయన పసరు పోయడమే కాక విషం దిగాలని కాలికి గాట్లు పెట్టాడు. రక్తపెంజర కరిచిన ఒంట్లో రక్తం గడ్డకట్టదు. అది ఆగలేదు. తిరిగి మా దవాఖానకే తెస్తుంటే దారిలో పోయాడు, శవాన్ని అటునుంచి అటే ఊరికి మళ్ళించారు. అప్పటికి ఆరున్నర అయిందట.

మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి గేటు ముందు శవం ఉంది. ఊరు ఊరంతా వచ్చింది. దవాఖానోళ్ళే చంపారని అరుస్తున్నారు. చిన్న సిస్టరు నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చింది. మంచం ఖాళీగా ఉంటే బయటికి పోయాడేమో అనుకున్నానని, ఎనిమిది దాకా చార్టు నింపేశానని, ఇప్పుడా చార్టు కనిపించడం లేదని చెప్పింది. నేను మంచం కింద, అల్మారా వెనక అంతా వెతికాను. లేదు.

డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "పాతది పోతే పోయింది, మంచిదే. కొత్తది రాయండి సిస్టర్. నాలుగున్నరకు వద్దన్నా వినకుండా బంధువులు తీసుకుపోయారని రాయండి. ఉన్నదే కదా రాస్తున్నాం" అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది. తీసుకుపోయింది నిజమే కదా. వద్దన్నవాళ్ళే ఎవరూ లేరు. నేను కొత్త చార్టు తీసి, పొద్దున పది నుంచి నాలుగు దాకా అంకెలు వేసి, కింద ఆ వాక్యం గుండ్రంగా రాశాను. సంతకం చిన్న సిస్టరుతో పెట్టించాను, డ్యూటీ తనది కాబట్టి. ఆ పిల్ల ఒక్కసారి నా మొహంలోకి చూసి సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి ఆ కాగితం పోలీసులకు పోయింది. గేటు ముందు జనం కూడా చల్లబడ్డారు. గండం గడిచిందని ఆ పూట ఇద్దరం ఒకే టిఫిను డబ్బాలో తిన్నాం.

మూడో రోజు సర్కిల్ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు. నెమ్మదైన మనిషి, గద్దించడం ఎరగడు. డాక్టరు గారి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి నేను రాసింది. రెండోది నలిగి, నాలుగు మడతలు పడి ఉంది. మా పాత చార్టు. ఆ మనిషిని తీసుకుపోయేటప్పుడు, ఎక్కడికి పోయినా దవాఖాన చిట్టీ చూపించాలేమోనని భార్య దాన్ని మంచానికున్న క్లిప్పు నుంచి తీసి కొంగులో కట్టుకుపోయింది. మా జిల్లాలో వలసపోయే వాళ్ళందరికీ ఆ అలవాటు ఉంది. చదువు రాదు, కాబట్టి ఏ కాగితాన్నీ పారేయరు. ఊళ్ళో చదువుకున్న ఒకాయన దాన్ని చూసి పోలీసులకు ఇప్పించాడు.

ఇన్‌స్పెక్టరు పాత చార్టు మీద వేలు పెట్టి, "ఏందమ్మా ఇది. మనిషి నాలుగున్నరకే వోతే, నాడి ఎన్మిది దాంక మీ దవాఖానల్నే కొట్టుకుంటుండెనా?" అని అడిగాడు.

నిజానికి ఆ మనిషి చావుకు మా మీద పెద్ద కేసు నిలిచేది కాదు. ఆ నాలుగు గడులూ ఖాళీగా వదిలేసి ఉంటే, కాన్పు దగ్గర ఉన్నాను, చూడలేదు అని ఆ పిల్ల తలెత్తుకుని చెప్పగలిగేది. నింపిన గడులు ఒక నేరం, దాన్ని కప్పడానికి నేను రాసిన చార్టు అంతకన్నా పెద్ద నేరం అయ్యాయి. ప్రభుత్వ రికార్డు తప్పుగా రాయడం, ఫోర్జరీ చేయడం, అది ఫోర్జరీ అని తెలిసీ అసలైనదిగా చూపించడం అని సెక్షన్లు వరసగా పడ్డాయి. మూడేళ్ళ దాకా జైలు పడవచ్చని ఎవరో వకీలు చెప్పాడు.

చార్టు ముగించినవాళ్ళే కింద సంతకం పెట్టడం మా పద్ధతి కాబట్టి, రెండు కాగితాల మీదా సంతకం చిన్న సిస్టరుదే. నా పేరు ఎక్కడా లేదు. కొత్తదాని మీద డాక్టరు గారి అక్షరం ఒక్కటీ లేదు. తెలివైనవాళ్ళు నోటితో చెప్తారు, చేత్తో రాయరు. ఇన్‌స్పెక్టరు నన్ను విడిగా పిలిచి, ఈ రెండో చార్టు గురించి మీకేం తెలుసని అడిగాడు. "మధ్యాహ్నం డ్యూటీ నాది కాదు సార్" అన్నాను. అందులో అక్షరం అబద్ధం లేదు. నా జీవితంలో నేను ఆడిన అన్నిటికన్నా పెద్ద అబద్ధం అదే.

చిన్న సిస్టరును అరెస్టు చేశారు. బెయిలు వచ్చింది కానీ ఉద్యోగం పోయింది. ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల రాసింది నేనే అంది. ఒకసారి బస్టాండులో కనిపిస్తే, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు సిగ్గుండాలి. "మీకు ఇద్దరు పిల్లలు గద మేడం. నాకెవ్వరున్నరు, మా అమ్మ తప్ప" అంది. అప్పటికి వాళ్ళ అమ్మతో పాటు కలుపు తీయడానికి పోతోందట. సూది పట్టుకోవాల్సిన వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి. ఇంటికి వచ్చి ఏడ్చాను. ఏడ్చి, మర్నాడు మళ్ళీ డ్యూటీకి పోయాను. రెండేళ్ళు అట్లాగే పోయాను. పల్లికాయ ఉడికే వాసన వస్తే లేచి వార్డు బయటికి పోయేదాన్ని. ముందుజాగ్రత్త మానేశాను కానీ ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పలేదు.

నాగర్‌కర్నూల్ కోర్టులో కేసు విచారణకు వచ్చింది. నన్ను సాక్షిగా పిలిచారు. నేను చెప్పాల్సిందల్లా ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీలో ఎవరున్నారో ఒక్క మాట. మా వాళ్ళంతా, ఆ మాట చెప్పి దిగిపో, నీకు సర్వీసు ఇంకా ఎనిమిదేళ్ళుంది అన్నారు. నేనూ అట్లాగే అనుకుని పోయాను.

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుంటే పక్కన ఒక ఆడమనిషి వచ్చి కూర్చుంది. ముందు గుర్తుపట్టలేదు. ఆమె గుర్తుపట్టింది. పొద్దున డ్యూటీలో ఉన్న సిస్టరమ్మవు నువ్వే కదా అంది. చనిపోయిన మనిషి భార్య. ఆమె కూడా సాక్షే. నేను లేచిపోదామనుకున్నాను, కానీ ఆమె గొంతులో కోపం లేదు. పక్కన దొరికిన మనిషితో తన బాధ చెప్పుకుంటున్నట్టే మాట్లాడింది.

"నాకొకటి సమజ్ కాలే సిస్టరమ్మా. ఆ చిట్టీల ఏడు గంటలకు మంచిగున్నడని రాసి ఉన్నదంట. మా ఆయన ఆరున్నరకే వోయె. అంటే ఆడ్నే ఉంచితే ఏడు గంటలకు మంచిగుంటుండె అని గదా? మేమే తోల్కపోయి సంపుకున్నమా?"

రెండేళ్ళుగా ఆమె నిద్రలేకుండా మోస్తున్నది ఆ ఏడు గంటల అంకెని. నాలుగింటికి కాన్పు గదిలోకి పోతూ పోతూ చేతికి వచ్చిన అంకె అది. ఎనభై అయితే ఏం, ఎనభై రెండయితే ఏం అని వేసిన అంకె. కాదమ్మా, అది ఎవరూ చూసి రాసింది కాదు, నాలుగింటికే రాసిపెట్టింది అని చెప్పాను. ఆయన అక్కడే ఉంటే బతికేవాడా అని అడిగితే నాకు తెలియదు, బతికేవాడేమో అని కూడా చెప్పాను. ఆమెకు ఇంకో అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆమె మెల్లగా అంది. "నాకు తోల్కపోవుడు ఇష్టం లేకుండె. మా బావ, మా మరిది ఇంటరా? ఆటోల కూసోబెట్టిరి. ఆటో ఆయన చాయ్ తాగనీకె పోయి జల్ది రాలే. ఐదు దాటిందాంక మీ గేటు కాడ్నే ఉంటిమి. గంటగంటకు అచ్చి చెయ్యి పట్టి చూస్తుంటిరి గద మీరు. ఐదింటికి సిస్టరమ్మ అస్తది, మంచం మీద లేకుంటె బయటికొచ్చి తిడ్తది, లోపలికి తోల్కపోతదని ఆ తలుపు దిక్కే సూస్కుంట కూసున్న. ఎవ్వరు రాలే."

అంతలో బంట్రోతు నా పేరు పిలిచాడు.

బోనులో నిలబడ్డాను. ఎదురుగా చిన్న సిస్టరు, అదే తెల్ల చీర, మాసిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ ఎవరిదని వకీలు అడిగాడు. చెప్పాను. చాలు, దిగవచ్చు అన్నాడు. నేను దిగలేదు. ఇంకా చెప్పాల్సింది ఉందయ్యా అన్నాను. మేజిస్ట్రేటు తలెత్తి చూశాడు. నువ్వు చెప్పేది నీ మీదికే రావచ్చు, తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను.

"రెండో చార్టు రాసిన చెయ్యి నాది. ముందే నింపిపెట్టడం ఆ పిల్లకు నేర్పింది నేను. రాయనంటే కోప్పడి నేర్పాను. ఐదు గంటలకు ఆ మనిషి నాడి ఎవరూ చూడలేదు" అని చెప్పాను.

అన్ని వాయిదాల్లోనూ కంటతడి పెట్టని చిన్న సిస్టరు అప్పుడు ఏడ్చింది.

కోర్టు ఆ పిల్లను మందలించి వదిలిపెట్టింది. తర్వాత మళ్ళీ ఉద్యోగం దొరికింది, ఇప్పుడు తనే ఒక చోట హెడ్ నర్సు. నా మీద కేసు నాలుగేళ్ళు నడిచి జుర్మానాతో పోయింది, ఉద్యోగం దానితో పాటే పోయింది. ఆ డాక్టరు గారు ఎక్కడో ఒకసారి పెళ్ళిలో కనిపించి నన్ను చూడనట్టు పోయారు. నేనూ పిలవలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ దవాఖాన మీద బెంగ మాత్రం ఇప్పటికీ ఉంది.

నన్ను చూసి సెక్షన్లకు భయపడండి అని మీకు చెప్పను. సెక్షన్ల భయంతో మనిషి ఇంకా తెలివిగా రాయడం నేర్చుకుంటాడు, నాకు తెలుసు. చూడలేకపోతే గడి ఖాళీగా వదిలేయండి, మెమో వస్తే రానివ్వండి. వీలైతే మాత్రం ఐదు గంటల నాడి ఐదు గంటలకే లేచి పోయి చూడండి. మంచం ఖాళీగా ఉందంటే, గేటు దగ్గర ఆటోలో ఎవరో మీ కోసమే తలుపు వైపు చూస్తూ ఉండవచ్చు.